కేసు పేపరులో గడి లేని మాతృభాష

ఆవర్‌పూర్ ప్రాంతపు ఒక తెలుగు వృద్ధురాలి ఆసుపత్రి కాగితాలు న్యాయసలహా కోసం నా వద్దకు వచ్చాయి. రెండు కేసు పేపర్లలో ఇంటిపేరు రెండు విధాలుగా ఉంది. వయసులో ఆరేళ్ల తేడా. ఆమె చెప్పింది తెలుగులో, గుమాస్తా రాసుకున్నది మరాఠీలో. మాతృభాషకు గడే లేదు.

దీన్ని చేతిపొరపాటని వదిలేయగలమా? ఆ కాగితాల నుంచే వయసు, లింగం, గ్రామం ఏరి లెక్కలు కడతారు. గడి లేని భాష లెక్కకు రాదు. లెక్కకు రాని రోగికి దుబాసీ దొరకడు. జనగణన మన మాతృభాషను అడుగుతుంది. నొప్పి ఎక్కడని అడిగే చోట మాత్రం అడగరు!

జిల్లాలో గాని, తాలూకాలో గాని 15-20 శాతం ఉన్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు రావడం మేలని 1956 నాటి కేంద్ర రక్షణల పత్రం పేర్కొన్నది. వ్యక్తిగత సమాచారానికి సమ్మతి కోరే నోటీసును ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా పొందే వీలుండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నిర్దేశించింది. తెలుగు అందులో ఒకటి.

మరాఠీతో మనకు వైరం లేదు. మనం కోరేది ఒక్క గడి. రాసినదాన్ని రోగికి తెలుగులో చదివి వినిపించడం. లెక్కలకు వాడేటప్పుడు పేర్లు తొలగించడం. సోదరీ సోదరులారా! ఆసుపత్రి మెట్లెక్కిన ప్రతిసారీ "మా మాతృభాష తెలుగు" అని రాయించండి. రాసింది చదివించుకోకుండా కదలకండి.