విజిల్ పట్టినోని నోరు

ఆటకు కులం లేదంటరు. మైదానంల అందరు సమానమంటరు. ఈ మాట అనేటోళ్లు ఎవరో జర చూడుండ్రి. మైదానంల ఎన్నడూ కులం తిట్టు పడనోళ్లే అంటరు. మాదిగవాడల పుట్టి కబడ్డీ బరిల దిగినోడు అనడు. కబడ్డీ అంటేనే ముట్టుకునే ఆట. కూతకొచ్చినోని కాలు పట్టాలె, నడుము పట్టాలె, మీద పడాలె. ఊర్ల తన చెంబు ముట్టనియ్యనోడు బరిల నా కాలు పట్టుకోవాలె. అగో, ఆడ బయటపడుతది ఆటకున్న కులం.

మాది పెద్దవంగర. మొన్నమొన్నటిదాక వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. జిల్లా మారింది, ఆఫీసుల మీద బోర్డులు మారినయి. వాడను పిలిచే పేరు మాత్రం మారలే.

నేను హాస్టల్ల ఉండి చదువుకునేటప్పుడు బడుల నడుమ ఆటల పోటీలు పెట్టిండ్రు. మూడు కూతలల్ల ఐదుగురిని అవుట్ చేసిన. గీత అవతల కూసున్నోళ్లు మొదలు కేకలేసిండ్రు, తర్వాత కులం పేరు తీసిండ్రు. “మాదిగోని కాళ్లు పట్టుకుంటరారా” అని ఒకడంటే పదిమంది నవ్విండ్రు. నేను నడిమి గీత మీద నిలబడ్డ. ఆ మాట వాపసు తీసుకునేదాక కూతకు పోనన్న. విజిల్ సారు చేతిల ఉన్నది. తిట్టు సారు చెవుల కూడ పడ్డది. సారు నా దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యేసి, “అవన్ని మనసుల పెట్టుకోకు, ఆట ఆడు” అని మెల్లగ చెప్పిండు. తిట్టినోళ్ల దిక్కు మల్లి ఒక్క మాట అనలే. నేను కదలకపోతే నన్ను బయటికి పంపి ఇంకో పిలగాన్ని దించిండు. తిట్టినోళ్లు మాత్రం కూసున్న కాడనే కూసున్నరు.

ఆ సారు చెడ్డోడు కాదు. హాస్టల్ పిల్లలకు సొంత పైసలతోని బనీన్లు కొన్న మనిషి. నా కొట్లాట సారుతోని కాదు, ఆ మెల్లగ చెప్పుడుతోని. తిట్టేమో నలుగుర్ల, ఓదార్పేమో చెవుల! ఇదెక్కడి న్యాయం? 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడ నలుగురి కండ్ల ముందట చేసిన అవమానాన్ని నేరమన్నది. కులం పేరు పెట్టి తిట్టుడు నేరమని 2015 సవరణ ఇంకా విప్పి చెప్పింది. అవమానం నలుగుర్ల జరిగినప్పుడు అండ కూడ నలుగుర్లనే దొరకాలె. చెవుల చెప్పిన మాటకు సాక్షి ఉండడు.

మన హైదరాబాద్ పిలగాడు మహమ్మద్ సిరాజ్ ముచ్చట తీసుకుందాం. ఆటో నడిపి సాదిన తండ్రి 2020 నవంబర్‌ల చనిపోతే, కొడుకు ఆస్ట్రేలియాల ఉండి ఆఖరి చూపుకు నోచుకోలే. 2021 జనవరిల సిడ్నీ టెస్టుల ప్రేక్షకులు అతన్ని జాతి పేరుతో తిట్టిండ్రు. సిరాజ్ మింగి ఊకోలే. కెప్టెన్‌కు చెప్పిండు. కెప్టెన్ అజింక్య రహానే “మనసుల పెట్టుకోకు” అనలే. అతన్ని ఎంటబెట్టుకొని అంపైర్ల కాడికి పోయిండు. ఆట ఆగింది. ఆరుగురిని స్టేడియం నుంచి బయటికి పంపిండ్రు. కావాలంటే మీరు ఆట విడిచి పోవచ్చని అంపైర్లు అన్నరట. తప్పు మేం చెయ్యలేదు, మేమెందుకు పోతం అని రహానే జవాబిచ్చిండని సిరాజే తర్వాత చెప్పిండు. క్రికెట్ ఆస్ట్రేలియా క్షమాపణ చెప్పింది. మా గీత మీద జరిగిన దానికి, సిడ్నీల జరిగిన దానికి తేడా ఒక్కటే. ఆడ ప్రేక్షకులల్ల ఆరుగురు బయటికి పోయిండ్రు. ఈడ తిట్లు పడ్డోడు బయటికి పోయిండు.

అయితే అన్ని అండలు ఒక్కతీరు ఉండవు. అమెరికాల ఫుట్‌బాల్ అనే ఆటున్నది. మనం కాలుతోని తన్నే ఆట కాదు, గుడ్డు లెక్కున్న బంతిని పట్టుకొని ఉరికే ఆట. 2016ల కాలిన్ కేపర్నిక్ అనే ఆటగాడు, నల్లోళ్లను పోలీసులు చంపుతున్నరని, జాతీయ గీతం పాడేటప్పుడు మొదలు కూసున్నడు, తర్వాత మోకాలు మీద వంగిండు. అప్పటి అతని కోచ్ చిప్ కెల్లీ, అది పౌరుడిగ అతని హక్కు అన్నడు. 2011 నుంచి 2014 దాక అతనికి కోచ్‌గ ఉన్న జిమ్ హార్బా మాత్రం మొదలు ఆ పనిని మెచ్చలే. తర్వాత, నేను కాదన్నది పద్ధతినే అని సర్దుకున్నడు. 2017ల టైమ్ పత్రికల అతని ధైర్యాన్ని మెచ్చుకుంట రాసిండు. మంచిదే. కాని అప్పటికి కేపర్నిక్‌కు జట్టు లేకుండ పోయింది. మల్ల ఏ జట్టూ అతన్ని ఆటల దించలే. 2020ల జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపినంక ఆ లీగు పెద్ద రోజర్ గుడెల్, ఆటగాళ్ల మాట ముందుగాల వినకపోవుడు తప్పేనని ఒప్పుకున్నడు. ఆ మాటల కేపర్నిక్ పేరు ఎత్తలే.

కోచ్ నలుగుర్ల అండగ మాట్లాడుడు చిన్న పని కాదు. మా సారు అది కూడ చెయ్యలే. కాని మాటకు వేళ ఉంటది. ఆటగాని పొట్ట మీద దెబ్బ పడక ముందు అన్న మాట అండ అయితది. పడినంక అన్న మాట మెచ్చుకోలు మాత్రమే అయితది.

“ఆటలకు రాజకీయాలు తేవద్దు” అనేటోళ్లను అడుగుతున్న. తెచ్చిందెవరు? 2021 టోక్యో ఒలింపిక్స్‌ల హాకీల హ్యాట్రిక్ కొట్టిన తొలి భారత మహిళ వందనా కటారియా. సెమీఫైనల్ ఓడినంక హరిద్వార్ కాడ ఆమె ఇంటి ముందట పటాకులు కాల్చి, జట్టుల దళితులు ఎక్కువైండ్రని తిట్టిండ్రు. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే దళిత బిడ్డనా? అది సిగ్గుమాలిన పని అని కెప్టెన్ రాణీ రాంపాల్ పత్రికలోళ్ల ముందట అన్నది. ఆ మాట అన్నందుకు హాకీ మైలపడలే.

వందేండ్ల కింది ముచ్చట కూడ ఉన్నది. పల్వంకర్ బాలూ చమార్ కులపోడు, 1911ల ఇంగ్లండుకు పోయిన జట్టుల గొప్ప బౌలరు. కాని కెప్టెన్‌ను చెయ్యలే. 1920ల అన్నను పక్కకు పెడితే తమ్ముళ్లు విఠల్, శివరామ్ ఆట నుంచి తప్పుకున్నరు. 1923ల విఠల్ హిందూ జట్టుకు కెప్టెన్ అయిండు. కొట్లాడితే వచ్చిన కుర్చీ అది, దయతోని ఇచ్చింది కాదు.

అంత దూరం ఎందుకు, మా పక్కనే పాలకుర్తి. చాకలి ఐలమ్మ పంట మీద విసునూరు దొర కన్నేస్తే, సంఘపోళ్లు ఆమె ఇంట్లకు పోయి చెవుల ధైర్యం చెప్పి రాలే. పొలంల దిగి, పంట కోసి, అందరు చూస్తుండగ ఆమె ఇంటికి చేర్చిండ్రు. కొట్లాట ఐలమ్మదే. వాళ్లు పక్కన నిలబడ్డరు. అండ అంటే అది.

విజిల్ పట్టిన సార్లకు, కోచ్‌లకు, కెప్టెన్లకు నేను చెప్పేది ఇదే. మా పిల్లల్ని ఉద్ధరించుమని అడుగుతలేం. మా తరఫున జెండా పట్టుమంటలేం. జెండా మా చేతులనే ఉంటది. కులం తిట్టు చెవుల పడ్డ ఘడియల్నే విజిల్ ఊదుండ్రి. ఆట ఆపుండ్రి. తిట్టినోన్ని పేరు పెట్టి బయటికి పంపుండ్రి. మా పిలగాడు ఆడనంటే బెంచీ మీదికి తోలకుండ్రి, పక్కన నిలబడుండ్రి. మీ నౌకరికి కష్టమొస్తదంటరా? ఆ పిలగాని బతుక్కే కష్టమొచ్చి కూసున్నది.

హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఇంకో మాట. గెలిచిననాడు దండలు వేసేటోళ్లను లెక్కవెట్టకుండ్రి. తిట్లు పడ్డనాడు మీ పక్కకొచ్చి నిలబడ్డోళ్లను లెక్కవెట్టుండ్రి. ఒక్కడు లేకపోయినా గీత మీది నుంచి కదలకుండ్రి. ఆ గీత మీద ఇంతకుముందు నిలబడ్డోళ్లం మేం శానమందిమి ఉన్నం. ఈసారి మిమ్ముల ఒంటరిగ నిలబడనియ్యం.