లీకు మూయకుండా గ్యాస్ పట్టొద్దు

ఎండలు ముదిరాయంటే కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మెకానిక్ షెడ్లకు పాత కార్లు, జీపులు వరస కడతాయి. ‘కూలింగ్ తగ్గింది, గ్యాస్ పట్టు’ అంటాడు ఓనరు. సిలిండర్ తగిలిస్తారు, గ్యాస్ ఎక్కిస్తారు, డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. మళ్లీ వేసవికి అదే బండి, అదే షెడ్డు.

ఈ పద్ధతి ఆగాలి. లీకు ఎక్కడుందో తేల్చకుండా బండి ఏసీలో గ్యాస్ నింపడాన్ని నిషేధించాలి.

ఏసీ గ్యాస్ పెట్రోలులా కాలిపోయేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. ఏళ్ల తరబడి వాడితే రబ్బరు గొట్టాల గుండా కాస్త తగ్గడం సహజమే. ఏడాది తిరక్కుండానే చల్లదనం పోయిందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. బిరుసెక్కిన ఓరింగు కావచ్చు, కంప్రెసర్ షాఫ్ట్ సీలు కావచ్చు, చర్ల దారిలో రాళ్ల దెబ్బలు తిన్న కండెన్సర్ కావచ్చు. గ్యాస్‌తో పాటు ఆయిలూ బయటికొస్తుంది. జాయింటు దగ్గర జిడ్డు, దాన్ని పట్టుకున్న బొగ్గుధూళి చాలాసార్లు దొంగను పట్టిస్తాయి. మరీ సన్నని లీకు సబ్బు నురగకు చిక్కదు. నైట్రోజన్ ఎక్కించి ప్రెషర్ పడిపోతుందేమో గేజీలో చూడాలి, లేదంటే డై వేసి అల్ట్రావయొలెట్ లైటుతో వెతకాలి. ఈ ఓపిక లేకపోతే ఆయిల్ తగ్గిపోయి చివరికి కంప్రెసరే పట్టేస్తుంది.

నష్టం ఓనరు జేబుతో పోదు. పాత కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ ఓజోన్ పొరకు హాని చేయదు. కానీ వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అరకిలో కారితే 715 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 20 సార్లు వెళ్లొస్తే వదిలేంత పొగ అన్నమాట!

2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. నాలుగు రోజులకే రువాండా రాజధాని కిగాలీలో ఆర్-134ఏ వంటి వాయువులను తగ్గించే ఒప్పందం కుదిరింది. 2021లో భారత్ దాన్ని ఆమోదించింది. వీటి వాడకాన్ని మనం 2028లో స్తంభింపజేయాలి, 2032 నుంచి కోత పెడుతూ 2047కు 85 శాతం తగ్గించాలి. ఐరోపా యూనియన్ అయితే, గ్యాస్ అసాధారణంగా కారిన బండికి రిపేరు చేశాకే నింపాలని 2006లోనే ఆదేశమిచ్చింది. మన పొల్యూషన్ సర్టిఫికెట్ సైలెన్సర్ దాటి చూడదు.

పాత బండికి అంత ఖర్చా అనే ప్రశ్న న్యాయమైనదే. కూలింగ్ కాయిల్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు విప్పాలి. మండే ఎండలో అద్దాలు దించుకుని వెళ్లమనడం తేలిక, వెళ్లడం కష్టం. అలాగే మెకానిక్‌నూ తప్పుపట్టలేం. లీకు వెతికే పరికరాలు చిన్న షెడ్డుకు భారం. 2019 నాటి జాతీయ కూలింగ్ కార్యాచరణ ప్రణాళిక లక్ష మంది టెక్నీషియన్లకు శిక్షణ లక్ష్యంగా పెట్టుకుంది. ఆ శిక్షణ ఏజెన్సీ షెడ్ల దాకా రావాలి. భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండర్, పాత గ్యాస్‌ను వెనక్కి లాగే యంత్రం కొని మెకానిక్‌లకు అద్దెకివ్వాలి. ప్రభుత్వ శాఖలు ముందు తమ బండ్లతోనే మొదలుపెట్టాలి. లీకు ఎక్కడ మూశారో, ఎన్ని గ్రాములు నింపారో రాయని ఏసీ బిల్లును ఈ వేసవి నుంచే వెనక్కి పంపాలి.