పేర్లు గోడకెక్కిస్తే పిల్లలకి కాపలా దొరికినట్టేనా?

మొన్న కార్తీకమాసంలో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లమంతా మేడమీద చేరాం. మాది గాజువాక. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైనవాళ్లు, పోర్టులో ఉద్యోగాలు చేసేవాళ్లు, కొత్తగా అద్దెకొచ్చిన చిన్న కాపురాలు అన్నీ కలిసిన బిల్డింగు. దీపాలు పెట్టుకోవడం అయ్యాక మామూలుగానే కబుర్లు మొదలయ్యాయి. మూడో అంతస్తు పిన్నిగారు కూతురి పురిటికని న్యూజెర్సీ వెళ్లి ఆరునెలలుండి ఈమధ్యే వచ్చారు.

"అక్కడ ఇల్లు మారేముందు మా అల్లుడు కంప్యూటర్‌లో ఏదో నొక్కి చూపించాడమ్మా. చుట్టుపక్కల పిల్లలమీద, ఆడవాళ్లమీద అఘాయిత్యం చేసి శిక్షపడ్డవాళ్లు ఎవరెవరున్నారో ఫోటోలతో సహా వచ్చేసింది. ఏ వీధిలో ఉంటున్నాడో కూడా ఉంది!" అన్నారావిడ.

అందరం నోళ్లు తెరుచుకుని విన్నాం. "మనకీ అలాంటిది ఉంటే ఎంత బావుణ్ణు! ఎక్కడెక్కడివాళ్లో పనులకని వచ్చి పక్కవాటాలో దిగుతారు. ఎవడెలాంటివాడో ఎలా తెలుస్తుంది?" అంది రెండో అంతస్తు అమ్మాయి. ఆమెకి ఆరేళ్ల కూతురుంది. ఆ మాటకి అందరం తలూపాం. అబద్ధమెందుకు, నేనూ ఊపాను.

మర్నాడు పొద్దున్న మెట్లు తుడవడానికి వచ్చినావిడ మా గుమ్మం దగ్గర ఆగిపోయింది. రాత్రి దీపాల పళ్లేలు తీసుకెళ్లడానికి మేడమీదకొచ్చి మా మాటలు విందిట.

"అమ్మగోరూ, ఆ లిస్టు మన విశాపట్నంలో కూడా ఎడతారా?"

"ఎందుకమ్మా అడుగుతున్నావ్?"

"మా గుంటని సెరిసినోడు మాకు సొంతోడేనమ్మా. కేసెట్టినాం. ఆడికి జైలు పడింది. ఊళ్లో ఉండనేక ఇక్కడికొచ్చీసినాం. ఇప్పుడు ఆడి పేరూ, ఫోటో గోడకెక్కిస్తే, ఏ పిల్లని సేసినాడని జనం అడగరా? మా గుంట పేరు ఎక్కించినట్టే గదా?"

నాకు నోట మాట రాలేదు. (ఆ తల్లీబిడ్డల్ని ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.) రాత్రి అంతమందిమి కలిసి ఆలోచించినా తట్టని సంగతి ఆవిడ ఒక్క ప్రశ్నలో చెప్పింది. అప్పట్నుంచి ఈ లిస్టుల సంగతి వివరంగా తెలుసుకోవడం మొదలుపెట్టాను.

మనకి లిస్టు లేదా?

ఉంది. చాలామందికి తెలియదు, అంతే. 2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోంశాఖ లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్‌ను ప్రారంభించింది. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో దాన్ని నిర్వహిస్తోంది. అత్యాచారం, సామూహిక అత్యాచారం, పిల్లలమీద లైంగిక నేరాలు, ఆడపిల్లల్ని వేధించడం వంటి కేసుల్లో శిక్షపడ్డవాళ్ల పేర్లు, చిరునామాలు, ఫోటోలు, వేలిముద్రలు అందులో ఉంటాయి. మొదలుపెట్టేనాటికే 4 లక్షల 40 వేలకు పైగా నమోదులున్నాయి. అయితే దాన్ని చూడగలిగేది పోలీసులూ, దర్యాప్తు సంస్థలే. మీకూ నాకూ కనబడదు.

మన రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేయాలనుకుంది. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిమీద జరిగిన ఘోరం తర్వాత, ఆ డిసెంబర్ 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లులు ఆమోదించింది. 21 రోజుల్లో తీర్పు, మరణశిక్ష అన్న మాటలే అందరికీ గుర్తున్నాయి. కానీ స్త్రీలమీద, పిల్లలమీద నేరాలు చేసినవాళ్ల రిజిస్టరు ఒకటి తయారుచేసి ప్రజలందరికీ అందుబాటులో ఉంచుతామన్న మాట కూడా వాటితోపాటే వచ్చింది. అంటే మా పిన్నిగారు న్యూజెర్సీలో చూసినలాంటిదే. వాటికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ఆ రిజిస్టరూ రాలేదు.

రానందుకు బాధపడాలా? మెట్లు తుడిచే ఆవిడ అడిగేదాకా నేనైతే బాధపడేదాన్నే.

అమెరికాలో ఏమైంది?

న్యూజెర్సీలో 1994లో ఏడేళ్ల పాపని ఎదురింటివాడే చంపేశాడు. అంతకుముందే పిల్లలమీద నేరాలు చేసి శిక్షపడ్డవాడు. ఆ సంగతి ఆ తల్లిదండ్రులకి తెలియదు. తెలిస్తే మా బిడ్డని కాపాడుకునేవాళ్లం కదా అని వాళ్లు గుండెలు బాదుకున్నారు. ఏ తల్లి కాదంటుంది? ఆ పాప పేరుమీదే అదే ఏడాది రాష్ట్రంలోనూ, 1996లో దేశమంతటికీ 'మేగన్ చట్టం' వచ్చింది. పోలీసుల దగ్గర ఉండే లిస్టు ఆ తర్వాత అందరి కళ్లముందుకీ వచ్చింది.

మరి నేరాలు తగ్గాయా? పోలీసుల దగ్గర నమోదు ఉండటంవల్ల కొంత మేలు కనబడిందని పరిశోధనలు చేసినవాళ్లు చెప్పారు. కానీ పేర్లు ఊరంతటికీ చూపించడంవల్ల వాళ్లు మళ్లీ నేరం చేయడం తగ్గిందని గట్టిగా చెప్పగలిగే ఆధారం దొరకలేదు. పైగా కొన్నిచోట్ల ఇల్లు దొరక్క, పని దొరక్క, అయినవాళ్లు దగ్గరకి రానివ్వక మరింత చెడిపోయినవాళ్లూ ఉన్నారు. మయామీలో బడులకి 2,500 అడుగుల లోపల వీళ్లు ఉండకూడదని నిబంధన పెడితే, ఊళ్లో తల దాచుకునే చోటులేక కొన్నేళ్లపాటు పదులకొద్దీ మనుషులు సముద్రంమీద వంతెన కింద గుడారాలు వేసుకు బతికారు. వాళ్లమీద జాలిపడమని చెప్పడం లేదు. కానీ ఎక్కడున్నాడో తెలియాలని రిజిస్టరు పెట్టి, చివరికి ఉండటానికి అడ్రసే లేకుండా చేస్తే, కాపలా పెట్టినట్టా? వదిలేసినట్టా?

ఇంట్లోవాళ్ల సంగతేమిటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనం భయపడేది ఎవర్ని? ఒడిశా నుంచో, బీహార్ నుంచో పనికొచ్చి పక్కవాటాలో దిగిన కుర్రాణ్ణి. క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కలు చూడండి. మనదేశంలో నమోదైన అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి మించి నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. చుట్టమో, పొరుగువాడో, స్నేహితుడో, పని ఇచ్చినవాడో, పెళ్లి చేసుకుంటానన్నవాడో. మన ఇంట్లో మంచినీళ్లు తాగినవాడే.

అలాంటివాడి పేరు బజార్లో పెడితే ఏమవుతుంది? బాధితురాలి పేరు, గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని మన చట్టం గట్టిగా చెబుతోంది. ఇంతకుముందు శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్ ఆ పని చేసేది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్ ఉంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా కచ్చితంగా ఉంది. బడి పేరు, చుట్టాల పేర్లు కూడా రాయకూడదు. మరి బాబాయి పేరో, మేనమామ పేరో, ఫోటోతో సహా అందరికీ చూపించాక ఆ పిల్లెవరో ఊరికి తెలియకుండా ఎలా ఉంటుంది? మన ఊళ్ల సంగతి మనకి తెలియనిదా! నాలుగురోజులు వాణ్ణి తిడతారు. ఆ పిల్ల గురించి మాత్రం పెళ్లీడు వచ్చేదాకా చెవులు కొరుక్కుంటూనే ఉంటారు.

ఇంకో ప్రమాదం ఉంది. కేసు పెడితే ఇంటిపేరు వెబ్‌సైటుకెక్కుతుందని తెలిస్తే ఎన్ని ఇళ్లలో అత్తగారు, "నోరు మూసుకో, ఇంటి పరువు పోతుంది" అనదు? ఇప్పటికే పోలీస్ స్టేషన్ దాకా వచ్చేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిని కూడా గడప దగ్గరే ఆపేస్తే ఎవరికి లాభం?

శిక్ష పడితేనే కదా పేరు?

ఈ లిస్టులన్నీ శిక్షపడ్డవాళ్లవి. శిక్షే పడకపోతే? 2022లో దేశంలో విచారణ ముగిసిన అత్యాచారం కేసుల్లో మూడింట ఒకవంతులో కూడా శిక్ష పడలేదు.

మన విశాఖ కోర్టులోనే తేలిన వాకపల్లి కేసు గుర్తుందా? 2007 ఆగస్టు 20న, అప్పటి విశాఖ జిల్లా జి.మాడుగుల మండలం వాకపల్లిలో, గాలింపుకొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. కేసు ఏళ్లతరబడి సాగింది. సుప్రీంకోర్టు 2017లో విచారణ త్వరగా ముగించమని చెప్పాల్సి వచ్చింది. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న 13 మందినీ నిర్దోషులని విడిచిపెట్టింది. దర్యాప్తు అధికారులు నిష్పక్షపాతంగా దర్యాప్తు చేయలేదని అదే కోర్టు తప్పుపట్టింది. ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇప్పించమని కూడా చెప్పింది.

దాదాపు 16 ఏళ్లు! కొండ దిగి, కోర్టు మెట్లెక్కి, అడిగిందే మళ్లీమళ్లీ అడిగితే జవాబు చెప్పి, చివరికి దర్యాప్తే సరిగా జరగలేదన్న మాటతో ఇంటికెళ్లారు వాళ్లు. ఎంత గొప్ప రిజిస్టరు పెట్టినా అలాంటి కేసులో అందులో రాసుకోవడానికి ఏముంటుంది? దర్యాప్తు సరిగా లేనిచోట రిజిస్టరులో మిగిలేది తెల్లకాగితమే.

మరి మనం ఏం అడగాలి?

లిస్టు వద్దని నేననడం లేదు. ఉన్న లిస్టుని వాడమని అడగాలి.

పోక్సో నిబంధనలు 2020 మార్చిలో కొత్తగా వచ్చాయి. బడి, క్రెష్, ఆటల అకాడమీ, హాస్టల్, పిల్లలతో రోజూ పనిపడే ఏ సంస్థ అయినా సరే, టీచర్లనీ, ఆయాల్నీ, వాచ్‌మన్లనీ, కాంట్రాక్టుమీద పెట్టుకున్నవాళ్లనీ పోలీసులచేత వెరిఫికేషన్ చేయించాలి. ఒకసారితో వదిలేయకుండా మళ్లీమళ్లీ చేయించాలి. పోలీసుల దగ్గరున్న డేటాబేస్ ఉపయోగపడాల్సింది సరిగ్గా అక్కడే. ఒకచోట శిక్షపడి వచ్చినవాడు ఇంకో ఊళ్లో స్కూలు బస్సు క్లీనరుగానో, హాస్టల్ వార్డెనుగానో చేరకుండా ఆపాలి. అందుకు వాడి ఫోటో మనందరి సెల్‌ఫోన్లలో ఉండక్కర్లేదు.

మనం బడికి వెళ్లినప్పుడు ఏం అడుగుతాం? ఫీజెంత, ఏసీ బస్సు ఉందా, ఇంగ్లీషులో మాట్లాడిస్తారా! ఈసారి పేరెంట్స్ మీటింగులో ఇంకొక్కటి అడగండి. "మీ దగ్గర పనిచేసే అందరికీ పోలీస్ వెరిఫికేషన్ అయిందా? ఎప్పుడు అయింది?" ఒక్కరడిగితే నవ్వుతారు. పదిమంది అడిగితే కాగితాలు తీస్తారు.

ఇంగ్లండ్‌లో ఒక మధ్యేమార్గం ఉంది. 2008లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2011 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటా తెచ్చారు. నా బిడ్డ దగ్గరకి తరచుగా వచ్చే ఫలానా మనిషిమీద నాకు అనుమానం ఉందని ఒక తల్లి పోలీసుల్ని అడగొచ్చు. వాళ్లు విచారించి, నిజంగా ప్రమాదం ఉందనుకుంటే ఆ బిడ్డని కాపాడగలిగినవాళ్లకి మాత్రం రహస్యంగా చెబుతారు. ఊరంతటికీ చాటరు. దిశ బిల్లులో అనుకున్న బహిరంగ రిజిస్టరు కంటే ఇలాంటిది మనకి బాగా నప్పుతుందని నా అభిప్రాయం. తల్లికి తెలుసుకునే హక్కు ఉంటుంది, బాధపడ్డ పిల్లకి దాగే హక్కూ ఉంటుంది.

ఇక అన్నిటికన్నా ముందు, పిల్ల చెప్పింది నమ్మడం. "ఆ మావయ్య దగ్గరకి నేను వెళ్లను" అని పిల్ల మొరాయిస్తే, "తప్పు, పెద్దవాళ్లని అలా అనకూడదు" అని గదమకండి. దగ్గర కూర్చోబెట్టుకుని వినండి. 1098కి ఫోన్ చేస్తే పిల్లల కోసం సాయం అందుతుంది. నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకి చెప్పకపోవడం పోక్సో చట్టం ప్రకారం నేరమే.

మెట్లు తుడిచే ఆవిడకి చదువు లేదు. అయినా సొంత మనిషిమీద కేసు పెట్టింది. మరిది కాళ్లమీద పడ్డా, అత్త శాపనార్థాలు పెట్టినా తీర్పు వచ్చేదాకా నిలబడింది. లిస్టులో ఒక పేరు నిజంగా చేరిందంటే ఇలాంటి ఒక తల్లి నిలబడబట్టే. ఆవిడ మననుంచి కోరుకునేది ఒక్కటే. తన కూతురు రేపు ఏ భయమూ లేకుండా బడికి వెళ్లి రావాలి.

ఆవేళ ఆవిడతో, "అలాంటి లిస్టు ఇక్కడ బయటపెట్టరమ్మా, పోలీసుల దగ్గరే ఉంటుంది" అని చెప్పాను. "అయితే సరేనమ్మా" అని చీపురు తీసుకుని పై మెట్టుకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం రెండో అంతస్తు అమ్మాయి తలుపు కొట్టాను. వాళ్ల పాప బడిలో మీటింగు వచ్చే శనివారమట. ఇద్దరం కలిసి వెళ్దామనుకున్నాం. మీరూ మీ పిల్లల బడికి ఎప్పుడు వెళ్తున్నారు?