చంటివాడికి చోటుంటేనే అక్కకు బడి



ఇటుక బట్టీల దగ్గరి పిల్లల చదువు మాట వస్తే, ఎన్ని పనిస్థలం బడులు తెరిచారు, ఎంతమందిని చేర్చారు అన్న లెక్కలే వినిపిస్తాయి. పెద్దపల్లి జిల్లాలో బట్టీల పక్కనున్న ఒక ప్రాథమిక పాఠశాలలో చాలాకాలం హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఆ పిల్లలకు అసలు అడ్డేమిటో నాకు ఆలస్యంగా తెలిసింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఒక జనవరిలో మా బడిలోనే బట్టీల్లోని ఒడియా పిల్లల కోసం ఒక గది తెరిచాం. ఒడియా చెప్పగల యువకుడు దొరికాడు, పుస్తకాలూ వచ్చాయి. రెండోరోజు పదేళ్ల పిల్ల ఒకతె తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే పాఠం సాగలేదు. "రేపటి నుంచి వాణ్ణి ఇంటి దగ్గర వదిలి రమ్మని చెప్పండి" అన్నాను ఆ యువకుడితో. ఇల్లంటే నడుం వంచితే గాని దూరలేని గుడిసె. తల్లి తెల్లవారుజామున మూడింటికే మట్టి దగ్గరికి పోతుంది. పిల్ల మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. రిజిస్టరులో "బడి మానేసింది" అని నా చేత్తోనే రాశాను. ఆమెను పంపించేసింది నేను.

ఈ బట్టీ కుటుంబాలు ఎక్కువగా ఒడిశాలోని బొలంగీర్, నువాపడా, కలహండి జిల్లాలవి. మన వినాయక చవితి మర్నాడు వాళ్లకు నువాఖాయి, కొత్త ధాన్యం పండగ. ఆ రోజుల్లోనే కూలీల్ని కుదిర్చే సర్దార్లు అడ్వాన్సులు పంచుతారు. నవంబరు, డిసెంబరుల్లో ఇక్కడ దిగిన జట్లు వానలు మొదలయ్యేదాకా ఉంటాయి. కూలి వెయ్యి ఇటుకలకింత అని కడతారు. ఆ అడ్వాన్సు అప్పు తీరాలంటే ఇంటిల్లిపాదీ చెయ్యి వెయ్యాల్సిందే. పచ్చి ఇటుకల్ని ఎండకు తిప్పే పని పిల్లలకే పడుతుంది, వాళ్ల బరువుకైతే ఇటుక చెదరదని. ఆ పని లేని పిల్ల చంటివాణ్ణి మోస్తుంది.

ఒడిశాలో సీజనల్ హాస్టళ్లున్నాయి, పిల్లల్ని అక్కడే ఉంచొచ్చు కదా అంటారు. మంచి ఏర్పాటే. కాని పాలు తాగే బిడ్డను ఏ తల్లీ హాస్టల్లో వదిలి రాదు. ఆ బిడ్డ వెంట, వాణ్ణి చూసుకోవడానికి, అక్క కూడా రైలెక్కుతుంది.

అందుకే నేనడిగేది ఒక్కటే. బట్టీ పిల్లలకు గది తెరిస్తే, దాని పక్కనే, అదే వేళకు, ఆరేళ్లలోపు వాళ్లకు అంగన్‌వాడీ నడవాలి. చంటివాళ్లను చూసుకునే ఆయా ఉండాలి. ఒడియా మాట్లాడే బట్టీ కుటుంబాల్లోంచే ఒకామెను జీతానికి పెట్టుకోవచ్చు. బరువు తూయడం, గుడ్డు పెట్టడం, టీకాల కార్డు చూడటం అక్కడే జరగాలి. బడి, అంగన్‌వాడీ, ఏఎన్‌ఎం వేర్వేరు శాఖల కింద ఉండొచ్చు. అక్కా తమ్ముడూ మాత్రం ఒకే గుడిసెలో ఉంటారు.

కుదరదని అనకండి. పల్స్ పోలియో ఆదివారాల్లో బట్టీ బట్టీకీ తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆధార్ అడగలేదు, ఏ ఊరని అడగలేదు. చుక్కలు వేసి వేలికి గుర్తు పెట్టి వచ్చాం. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ అందింది. వలస కూలీల గుడిసెల దాకా నడవకుండా ఉంటే అది జరిగేదా? చుక్కలకు తెలిసిన ఆ దారి బడికీ తెలియాలి. కాని మా దగ్గర బట్టీ పిల్లల్ని లెక్కించే బడి సర్వే ఏటా మళ్లీ మొదటికి వచ్చేది. గది తెరిచేసరికి సంక్రాంతి దాటేది, ఏప్రిల్ ఆఖర్లో వేసవి సెలవులు వచ్చేవి. బట్టీ ఇంకా మండుతుండగానే బడీ, మధ్యాహ్న భోజనమూ ఆగిపోయేవి.

2009 నాటి విద్యాహక్కు చట్టం వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. టీసీ ఆలస్యమైందనో, వయసు కాగితం లేదనో తిప్పి పంపకూడదంది. కాగితం లేకపోతే తిప్పి పంపకూడదన్న చట్టం, చంకలో తమ్ముడున్నాడని పంపేయమంటుందా?

పరాయి రాష్ట్రం పిల్లలకు మన డబ్బెందుకన్న మాట మా ఊళ్లోనే విన్నాను, బాధపడ్డాను. మన పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని డ్యాముల దగ్గర, ఎన్ని కాలవల వెంట గుడారాలు వేసుకుని బతికారు! వాళ్ల పిల్లలు ఏ మట్టికుప్పల పక్కన పెరిగారో గుర్తున్నవాళ్లు ఆ మాట అనరు.

ఈసారి జట్లు దిగక ముందే, దసరాకల్లా, కలెక్టరు గారు విద్య, శిశు సంక్షేమం, ఆరోగ్య శాఖల అధికారుల్ని ఒకచోట కూర్చోబెట్టాలి. ఆయా జీతం ఏ పద్దులోంచి ఇస్తారో అక్కడే తేల్చాలి. గదులు వెతకనక్కర్లేదు. మా బడిలో ఆ పిల్ల ఒక్కరోజు కూర్చున్న గది ఖాళీగానే ఉంది. దాని పక్క గది కూడా.

ఇట్లు,
ఒక రిటైర్డు హెడ్మాస్టరు,
పెద్దపల్లి జిల్లా