గడప బయటే నిలబడాలి



గత సంచికలో నామినేషన్, వీలునామా సంగతులు రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. "ఎప్పుడూ లెక్కలేనా? ఈసారి ఏదైనా మంచి గ్రంథంలోని మాట రాయండి" అని ఒక సోదరి సలహా ఇచ్చారు. సరేనని ఒక మతగ్రంథం ముందేసుకున్నాను. తీరా చూస్తే అందులోనూ నాకు అప్పులూ తాకట్లే కనిపించాయి. బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసినవాడి కళ్లకు మరేం కనిపిస్తాయి!

ఆ గ్రంథం యూదుల తోరా. మన క్రైస్తవ మిత్రులు బైబిలులో ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము వరకు చదివే ఐదు కాండలే అవి. యూదులు వీటిని 54 భాగాలు చేసుకుని, ప్రతి శనివారం ప్రార్థనలో ఆ వారం భాగాన్ని చదువుతారు. ఏడాదికి ఒకసారి పూర్తవుతుంది. పూర్తయిన పండుగనాడే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు రామాయణ పారాయణ ముగించి, మర్నాడే బాలకాండ తెరిచినట్టన్నమాట.

కూరెకుప్పలో ఉండేవాడికి యూదుల పారాయణ సంగతి ఎలా తెలిసిందని మీకు సందేహం రావచ్చు. నేను 1994లో బ్యాంకులో చేరాను. తర్వాత కొన్నాళ్లు గుంటూరు జిల్లాలో ఫీల్డ్ ఆఫీసరుగా పనిచేశాను. ఆ జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు. తాము బెనె ఎఫ్రాయిం వారమని, ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిం సంతతి వారమని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవారు, అంతకు ముందు క్రైస్తవ సంఘాలలో ఉన్నవారు. 1991లో అక్కడ చిన్న ప్రార్థనా మందిరం ఏర్పాటు చేసుకున్నారు. వారి మీద యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన పుస్తకం 2013లో వచ్చింది. గోత్రాల వాదన సంగతి పండితులకు వదిలేద్దాం. నాకు మాత్రం వారిలో ఒక పెద్దాయన ఖాతాదారుగా పరిచయం.

అప్పట్లో శనివారం బ్యాంకులు సగం పూట పనిచేసేవి. ఆ పెద్దాయన శనివారం బ్యాంకుకు వచ్చేవారు కారు, సంతకం పెట్టేవారు కారు. "విశ్రాంతి దినం సార్, కలం పట్టం" అనేవారు. 1998లో, వినాయక చవితి దాటిన కొద్ది రోజులకు, ఒక సోమవారం ఏదో పని మీద వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. మాటల్లో వారం వారం చదివే భాగాల గురించి చెప్పి, నవ్వుతూ, "మొన్న మేం చదివిన పాఠం మీ బ్యాంకువాళ్ల గురించే సార్" అన్నారు.

ఆ భాగం పేరు 'కీ తేత్సే'. 'నీవు బయలుదేరినప్పుడు' అని దాని అర్థం. ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం మధ్య నుంచి 25వ అధ్యాయం చివరి దాకా. తోరాలో 613 ఆజ్ఞలుంటే, ఈ ఒక్క భాగంలోనే 74 ఉన్నాయని యూదు పండితుల లెక్క. ఇల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరూ జారిపడకూడదు. కూలివాడి కూలి ఆ రోజే ఇవ్వాలి. సంచిలో రెండు రకాల తూకపురాళ్లు ఉండకూడదు. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు. ఇలా అన్నీ రోజువారీ బతుకు సంగతులు.

వాటి నడుమ, 24వ అధ్యాయంలో, అప్పు గురించి మూడు మాటలున్నాయి. మొదటిది: తిరగలిని తాకట్టు పట్టకూడదు, దాని పైరాయిని కూడా పట్టకూడదు, అది మనిషి ప్రాణాన్నే తాకట్టు పట్టినట్టు. రెండోది: తాకట్టు వస్తువు కోసం అప్పు తీసుకున్నవాడి ఇంట్లోకి వెళ్లకూడదు, బయటే నిలబడాలి, వస్తువును అతనే బయటికి తెచ్చి ఇవ్వాలి. మూడోది: అతను పేదవాడై, కప్పుకునే వస్త్రాన్నే తాకట్టు పెడితే, పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చేయాలి, అతను దాన్ని కప్పుకుని నిద్రపోవాలి.

పెద్దాయన ఇది చెబుతుంటే నేనూ నవ్వాను. కానీ లోపల నవ్వు రాలేదు. కారణం చెబుతాను.

అంతకు ముందు సంవత్సరం, 1997లో, మా శాఖలో రికవరీ వారం పెట్టారు. ఒక ఊళ్లో ఒక ఆమెకు ఐ.ఆర్.డి.పి. కింద గేదె లోను ఇచ్చి ఉన్నాం. గేదె చచ్చిపోయింది. బీమా కోసం వెళితే చెవికి వేసిన బిళ్ల చూపించమన్నారు. బిళ్ల ఎక్కడో ఊడిపోయింది. బిళ్ల లేకపోతే క్లెయిము లేదు. గేదె పోయినా బాకీ మాత్రం మిగిలింది. ఆమె ఇడ్లీలు వేసి అమ్ముకుని పిల్లల్ని సాకుతోంది. నలుగురం జీపులో వెళ్లాం. ఆమె వాకిట్లో నిలబడి గడువు అడుగుతుండగానే, కొత్త ఉద్యోగం ఉత్సాహంలో నేను ముందు లోపలికి నడిచాను. పొయ్యి పక్కన గ్రైండరు కనిపించింది. ఎత్తించాను.

ఆమె గ్రైండరు గురించి గొడవ పెట్టుకోలేదు. "తీసుకెళితే తీసుకెళ్లండి బాబూ. చెప్పులతో పొయ్యికాడికి మాత్రం రాకండి" అంది. అంతే.

మూడో రోజు ఎక్కడో చెవి కమ్మలు కుదువపెట్టి, డబ్బు కట్టి, గ్రైండరు తీసుకెళ్లింది. మా రిపోర్టులో ఆ ఖాతా 'వసూలైంది' అని రాశాం. నాకు మెచ్చుకోలు కూడా దక్కింది. ఆ మూడు రోజులూ ఆమె ఇడ్లీలకు పిండి ఎలా రుబ్బిందో మేము ఎవరమూ అడగలేదు.

ఆ తర్వాత ప్రమోషను పరీక్షలకు చదువుతుంటే, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షను తగిలింది. కోర్టు డిక్రీ ఉన్నా సరే, కొన్ని వస్తువులు జప్తు చేయకూడదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక సామాను, మతాచారం ప్రకారం స్త్రీ వదులుకోకూడని ఆభరణాలు, చేతిపనివారి పనిముట్లు, రైతుకు బతుకుతెరువుకు అవసరమైన వ్యవసాయ పరికరాలు, పశువులు, విత్తనాల ధాన్యం. అప్పటికి నా లెక్క తేలిపోయింది. ఆ గ్రైండరు మాకు హైపోథికేట్ చేసిన వస్తువు కాదు. మా చేతిలో కోర్టు ఉత్తర్వూ లేదు. అంటే తోరా దాకా వెళ్లనక్కరలేదు, మన చట్టం ప్రకారమే నేను చేసింది తప్పు. కానీ చట్టం చదివినప్పుడు మార్కుల కోసం చదివాను. పెద్దాయన చెప్పిన తిరగలి మాటే మనసులో ఉండిపోయింది.

యూదులు ఈ మాటల్ని పారాయణకే వదిలిపెట్టలేదు. దాదాపు 1,800 ఏళ్ల కిందట కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్రంలో ఇంకా వివరంగా విడదీశారు. తలగడ తాకట్టు పట్టితే రాత్రికి తిరిగి ఇవ్వాలి, నాగలి అయితే పగటికి ఇవ్వాలి అన్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మన దగ్గర బాకీ తీరాక తాకట్టు వస్తువు ఇస్తాం. అక్కడ బాకీ తీరకముందే, అవసరం వేళకు ఇచ్చేయమంటున్నారు. రోజూ ఇచ్చి పుచ్చుకునే తాకట్టుతో ఏ బ్యాంకరుకు లాభం? లాభం కోసం చెప్పిన మాట కాదది. అప్పు ఉన్నా అతను మనిషే, అతనికీ నిద్ర ఉంది, పని ఉంది అని ఇచ్చినవాడికి రోజూ గుర్తుచేయడానికి.

మన దేశంలోనూ నిబంధనలు ఈ దారికి మెల్లగా వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2010లో సూక్ష్మరుణ సంస్థల మీద తెచ్చిన చట్టం, వాయిదాల వసూలు ఇళ్ల దగ్గర కాకుండా పంచాయతీ కార్యాలయంలోనో, నిర్ణయించిన బహిరంగ స్థలంలోనో జరగాలని చెప్పింది. గడప బయట నిలబడమనడమే కదా ఇది! ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీల కోసం ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. బంగారం మీద అప్పుల గురించి 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాలలో, బాకీ తీరిన రోజే నగ ఇవ్వాలని, ఎంత ఆలస్యమైనా ఏడు పనిదినాలు దాటకూడదని, బ్యాంకు తప్పు వల్ల దాటితే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని ఉంది. కర్ణాటక ప్రభుత్వం కూడా 2025 ఫిబ్రవరిలో చిన్న అప్పుల వసూలులో బలవంతాన్ని అడ్డుకోవడానికి ఆర్డినెన్సు తెచ్చింది.

మరి మా కూరెకుప్ప సంగతి. ఉక్కు ఫ్యాక్టరీ పక్కన ఊరు. ఇక్కడ తిరగలి అంటే లారీ, గూడ్సు బండి. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపించినప్పుడు లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయని, కంతులు కట్టలేక ఎందరో బళ్లు వదులుకున్నారని ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇక్కడ నాకొక చిక్కు ఉంది. తోరా చెప్పిన తిరగలి అప్పు తీసుకున్నవాడు ముందు నుంచి వాడుకుంటున్నది. లారీ మా అప్పుతోనే కొన్నది, మాకే హైపోథికేట్ అయి ఉన్నది. నోటీసులిచ్చి పద్ధతి ప్రకారం స్వాధీనం చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంది. ఆ హక్కు వద్దంటే, రేపు లారీకి అప్పిచ్చేవాడు ఉండడు. మేమిచ్చేది మా సొంత డబ్బు కాదు, మీబోటి డిపాజిటర్ల డబ్బు. మీ అమ్మగారి ఫిక్సెడ్ డిపాజిట్‌కు వడ్డీ ఆ కంతుల నుంచే వస్తుంది. కాబట్టి అప్పు వసూలు చేయడం తప్పని నేను అనను. తోరా కూడా ఇక్కడ అప్పు వదిలేయమనలేదు, తాకట్టు పూర్తిగా వద్దనలేదు. ఎలా వెళ్లాలో, ఎక్కడ ఆగాలో చెప్పింది.

మొన్నామధ్య మా శాఖలోని కుర్ర ఆఫీసరు, "సార్, ఒక గూడ్సు బండి ఖాతాలో మూడు కంతులు పడలేదు. పొద్దున్నే ఆరింటికి నలుగురం వెళితే ఇంట్లోనే దొరుకుతాడు" అన్నాడు. అతనిలో నాకు 1997 నాటి నేనే కనిపించాను. "పది దాటాక వెళదాం, మనిద్దరమే" అన్నాను.

వెళ్లాం. అతని భార్య "లోపలికి రండి సార్" అంది. "వద్దమ్మా, ఇక్కడే ఉంటాం, ఆయన్ని రమ్మను" అని వేపచెట్టు కింద నిలబడ్డాం. అతను చొక్కా వేసుకుని, తల దువ్వుకుని బయటికి వచ్చాడు. కూర్చుని మాట్లాడుకున్నాం. ఏ కిరాయి ఆగిపోయిందో, ఎవరి దగ్గర డబ్బు రావాలో, ఏది ఎప్పుడు కట్టగలడో అతనే చెప్పాడు. ఆ రోజు చేతిలో ఏమీ లేదన్నాడు. తిరిగి వచ్చేశాం. మరుసటి వారం అతనే శాఖకు వచ్చి ఒక కంతు కట్టాడు. రెండు ఇంకా బాకీ ఉన్నాయి. ఆడిటరు నా పేరు మీద ఒక రిమార్కు కూడా రాశాడు. ఇది గెలుపు కథ కాదని మీరు గమనించాలి. రెండు కంతులూ రాకపోతే నోటీసు మీద సంతకం చేయాల్సింది నేనే, చేస్తాను కూడా.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెబితే ఆమె మెచ్చుకోలేదు. "బయట నిలబడితే వీధి వీధంతా చూడదూ? లోపలికి వెళ్లి మాట్లాడితే ఆ పరువైనా దక్కేది" అంది. రెండు రోజులు ఆలోచించాను. ఆమె మాటలో నిజం ఉంది. అందుకే ఇప్పుడు ముందు ఫోను చేసి, "మీరు బ్యాంకుకు వస్తారా, మమ్మల్ని రమ్మంటారా, ఎక్కడ కలుద్దాం?" అని అడిగిస్తున్నాను. అప్పు తీసుకున్నవాడు పరువు ఎక్కడ దాచుకోవాలో అతనే నిర్ణయించుకోవాలి. బయట నిలబడమన్న మాటకు అసలు అర్థం ఇదేనేమో అని నాకిప్పుడు అనిపిస్తోంది. ఇంట్లో దేన్ని వదులుకోగలడో, దేన్ని వదులుకోలేడో ఆ ఇంటి మనిషికి తెలిసినట్టు బయటివాడికి తెలియదు. బాకీ ఎంతున్నా ఆ ఇంటి యజమాని అతనే. గడప దాటిన క్షణాన మనం ఆ యజమానిత్వం కూడా జప్తు చేసినట్టు.

గుంటూరు జిల్లాలో ఆ ఇడ్లీల ఇంటికి పోయిన సంవత్సరం ఒక పెళ్లికి వెళ్లినప్పుడు దారి తప్పించుకుని వెళ్లాను. ఆ పాత ఇల్లు లేదు. ఆమె ఎక్కడో కొడుకు దగ్గర ఉంటోందని పక్కవాళ్లు చెప్పారు. కొత్త ఇంటి గడప ముందు కాసేపు నిలబడి, వచ్చేశాను. ఇరవై ఏళ్ల ముందు వెళ్లవలసిన చోటికి తీరిక దొరికాక వెళితే అంతే.

మీలోనూ చిట్టీలు నడిపేవారు, చేబదుళ్లు ఇచ్చేవారు, ఇల్లు అద్దెకిచ్చినవారు ఉంటారు. బాకీ అడగవద్దని నేను చెప్పను. అడిగేటప్పుడు కాళ్లు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోమంటాను.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం. సెలవు.