పిడికెడు గింజలకు పద్దు ఎందుకు?

మొక్కలు పెంచేవారి కూటములు ఇప్పుడు పట్టణాలన్నిటా వెలుస్తున్నవి. సంతోషమే. మా పెద్దపల్లి వంటి చిన్న ఊళ్ళలో సైతం మిద్దెల మీద కుండీలు కనబడుతున్నవి, ఉగాది దగ్గర పడేసరికి విత్తనాల మార్పిడి మాట వినబడుతున్నది. అయితే ఆ మాట వెంట ఒక నియమం కూడా వినబడుతున్నది: "ఏదో ఒకటి తెచ్చినవారే ఏదో ఒకటి తీసుకుపోవాలి." వినడానికి న్యాయంగానే ఉన్నది. నాకు మాత్రం ఇది కిరాణా దుకాణపు పద్దు పెరట్లోకి చొరబడినట్లు తోస్తున్నది. ఈ నియమం స్నేహానికి విరుద్ధమనీ, పైపెచ్చు తెలివితక్కువదనీ నా వాదం.

ముందుగా ఋతువు సంగతి చూద్దాం. శీతల దేశాలవారికి వసంతమంటే మంచు కరిగి విత్తే వేళ. మనకు అలా కాదు. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే వేసవి ముందుండగా ఎవరూ బీరగింజ నాటరు. మనం విత్తేది మృగశిర కార్తెకు, అంటే జూన్ మొదటి వారం దాటి తొలకరి పడ్డాక. మన వసంతం విత్తే కాలం కాదు, విత్తనం చేతికి వచ్చే కాలం. సంక్రాంతికి విరగగాసిన చిక్కుడు పాదు మాఘ ఫాల్గుణాలలో ఎండి గలగలమంటుంది. కోయకుండా వదిలిన బీరకాయ పీచుకట్టి, కొన ఊడి, గింజలు రాలుస్తుంది. దూలానికి వేలాడగట్టిన అనిగెపుకాయ లోపల గింజలు మోగుతుంటవి. వాటిని ఆరబోసి, బూడిద పట్టించి దాస్తారు.

విత్తనం చేతికి వచ్చిన నాటికీ నేల తడిసే నాటికీ నడుమ రెండు మూడు నెలల ఎడం ఉన్నది. ఆ ఎడంలోనే విత్తనం ప్రయాణం చేస్తుంది. పెళ్ళిళ్ళు, జాతరలు, అమ్మగారింటికి వచ్చిన ఆడబిడ్డల తిరుగు ప్రయాణాలు అన్నీ ఆ కాలంలోనే. కొంగున ముడి వేసుకుపోయిన నాలుగు గింజలే మరో ఊరి దడి మీద పాదై పాకుతవి. "వదినా, రెండు పుంటికూర గింజలుంటే ఇయ్యరాదు?" అని ఒకరంటే, "కొంచపో, దానికేంది!" అని మరొకరంటారు. ఈ సంభాషణలో ధర లేదు, గడువు లేదు, 'బదులు నువ్వేమిస్తవు?' అన్న ప్రశ్న అసలే లేదు. దీనిని మార్పిడి అనడమే తప్పు. ఇది పంపకం.

ఇచ్చిపుచ్చుకోవడంలో బాధ్యత లేకుండా ఉంటుందా అని పెద్దలు అడగవచ్చు. ఉంటుంది. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో దానం మీద రాసిన సుప్రసిద్ధ వ్యాసంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ సమాజం మోపే బాధ్యతలేనన్నాడు. కాదనను. కాని తిరిగి ఇవ్వడం ఎప్పుడు, ఏ రూపంలో, ఎవరికి అన్నది తెరిచి ఉంచినప్పుడే అది స్నేహం. గింజ ఇచ్చినందుకు ఏడాది తరువాత కాయ రావచ్చు, కష్టకాలంలో ఒక మనిషి రావచ్చు, అసలు ఏమీ రాకపోవచ్చు. అదే బల్ల మీద, అదే నిమిషంలో లెక్క తీరిపోతే ఇద్దరి మధ్య మిగిలేది ఏమీ లేదు. అంగట్లో డబ్బు చెల్లించిన తరువాత మనకూ దుకాణదారుకూ మిగిలే సంబంధం వంటిదే అది.

ఇక అన్యాయం సంగతి. ఒకటికి ఒకటి అనే నియమం ఎవరిని గడప దగ్గర ఆపుతుందో ఆలోచించండి. పాత తోటమాలిని ఆపదు, అతని దగ్గర డబ్బాల నిండా గింజలున్నవి. ఆపేది కొత్తగా మొదలుపెట్టినవారిని, ఏటేటా ఇల్లు మారే అద్దెవారిని, బదిలీ మీద గోదావరిఖని క్వార్టర్లకు వచ్చిన కార్మిక కుటుంబాన్ని. మా ప్రాంతంలో మరొక వర్గం కూడా ఉన్నది. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం కింద ఊళ్ళు మునిగినవి, ఉపరితల గనుల కోసం ఊళ్ళు లేచిపోయినవి. నష్టపరిహారపు లెక్కలలో ఇల్లు ఉంటుంది, భూమి ఉంటుంది, చెట్టు కూడా ఉంటుంది. దడి మీది చిక్కుడు తీగ ఉండదు. అటువంటి ఊరి నుండి వచ్చి కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషిని "నీవేం తెచ్చావు?" అని అడగడానికి మనకు నోరెలా వస్తుంది?

తెలివితక్కువ అని కూడా అన్నాను. ఎందుకంటే విత్తనం విషయంలో ఇవ్వడమే దాచుకోవడం. ఒక ఏడు మన పాదుకు తెగులు పట్టవచ్చు, డబ్బాలో పురుగు చేరవచ్చు, కోతులు కాయంతా పీకవచ్చు. అప్పుడు మన విత్తనం మనకు దొరికేది మనం ఇచ్చిన ఇంట్లోనే. మునిగిన ఊరి వంగడం ఇవాళ ఎక్కడైనా బతికి ఉంటే, ఆ ఊరి ఆడబిడ్డ పట్టుకుపోయిన ఇంటి పెరట్లోనే బతికి ఉంటుంది. ఇది పల్లెటూరి సెంటిమెంటు అనుకునేవారికి ఒక పెద్ద ఉదాహరణ. అప్పట్లో సిరియాలో అలెప్పో సమీపాన ఉండిన అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇకార్డా, తన విత్తనాల నకళ్ళను ముందుగానే నార్వేలోని స్వాల్బార్డ్ భాండాగారానికి పంపి ఉంచింది. యుద్ధం వచ్చి తన కేంద్రం అందకుండా పోయినప్పుడు 2015లో ఆ విత్తనాలనే తిరిగి తెచ్చుకున్నది, పెంచి 2017లో మళ్ళీ అక్కడ దాచింది. మంచుకొండ లోపలి భాండాగారం చేసిన పనీ, పక్కింటి వదిన డబ్బా చేసే పనీ ఒక్కటే.

"జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు తీసుకున్న విత్తనానికి రెట్టింపు తిరిగి ఇమ్మంటాయి కదా, అది లెక్క కాదా?" అని అడగవచ్చు. లెక్కే. కాని దాని నడక చూడండి. ఖాళీ చేతులతో వచ్చిన ఆమెకు ముందు విత్తనం ఇస్తారు. పంట పండిన తరువాత ఆమె తిరిగి పోసేది ఇంకొకామెకు అందుతుంది. ఎక్కువగా దళిత స్త్రీలైన ఆ రైతులు సంక్రాంతి వేళ పాత పంటల జాతర పేరిట ఎడ్లబండ్ల మీద విత్తనాలను ఊరూరా ఊరేగిస్తారు. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. అక్కడ లెక్క గడప దగ్గర కాపలా కాయదు, గంపను పెద్దది చేస్తుంది. మన కూటముల నియమం దీనికి సరిగ్గా తలకిందులు.

ఈ వాదానికి మా జిల్లాలో మరింత పదును ఉన్నది. ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాలు దేశంలో హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తికి ముఖ్య కేంద్రాలు. మా రైతు ఆడ వరుసలు, మగ వరుసలు నాటి, పుప్పొడి రాలే వేళకు తాళ్ళు లాగి, దేశానికి విత్తనం పండిస్తాడు. ఆ విత్తనం కంపెనీ సంచిలోకి పోతుంది. దాని తల్లిదండ్రుల వంశం అతనిది కాదు. అతనికి తనదని చెప్పుకోదగిన విత్తనం ఇంటి వెనుక దడి మీద మాత్రమే మిగిలి ఉన్నది. దేశానికి విత్తనం పండించే నేల మీద పెరటి బీరగింజ కూడా ప్యాకెట్టులో కొనుక్కోవలసి వస్తే అంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

చట్టం కూడా ఈ పంపకానికి అడ్డు రాదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, విత్తనాన్ని దాచుకునే, తిరిగి విత్తే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఉన్నదని 39వ సెక్షనులో స్పష్టంగా చెప్పింది. రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మరాదు. 2019లో పెప్సీకో గుజరాతు బంగాళాదుంప రైతులపై దావాలు వేసి, దేశవ్యాప్త నిరసనల మధ్య వాటిని ఉపసంహరించుకోవలసి వచ్చింది. కంపెనీ మీద రైతులు కాపాడుకున్న హక్కును మనం మన కూటమి నియమంతో కుదించుకోవడం ఎంత వింత!

ఊరికే ఇస్తే విలువ ఉండదంటారు. గాలికీ నీటికీ విలువ లేదా? విలువ తెలియజెప్పేది ధర కాదు, గింజతో పాటు చెప్పే మాట. ఇది ఏ ఊరిది, ఎప్పుడు నాటాలి, ఎంత నీరు కావాలి అని చెప్పి ఇచ్చిన గింజను పారేసేవారు తక్కువ. తీసుకోవడమే తప్ప ఇవ్వనివారుంటారంటారు. ఉంటారు. ఒక బీరకాయలోనే పదుల గింజలుంటవి. నలుగురు ఇవ్వకపోయినా తోట దివాలా తీయదు. తెగుళ్ళు పాకుతాయంటారు. ఇది మాత్రం విలువైన అభ్యంతరం. కొత్త మొక్కనూ కొమ్మనూ రెండు వారాలు విడిగా ఉంచి పిండినల్లి వంటివి లేవని చూసి తోటలో కలపాలి. హైబ్రిడ్ ప్యాకెట్టు పంట నుండి తీసిన గింజ తల్లిలా రాదు కనుక ఆ సంగతి చెప్పకుండా ఇవ్వరాదు. చిక్కుడు చాలావరకు తన రకం నిలుపుకుంటుంది. బీర, సొర పాదులకు పక్కింటి పాదు పుప్పొడి సోకి కల్తీ అయ్యే వీలున్నది, అదీ చెప్పాలి. ఇవి కావలసిన నియమాలు. ఎవరు ఎన్ని తెచ్చారన్నది కాదు.

ఉమ్మడి కరీంనగర్ జిల్లా కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివార్లలోని నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద కూరగాయలు పండించి, 'మిద్దెతోట' అన్న చక్కని తెలుగు మాటను నలుగురి నోట నానేలా చేశారు. తెలిసినది పదిమందికీ చెబుతూ పోవడం వల్లనే ఆ మాట అంత దూరం పాకింది. మాట ఎలా పాకుతుందో గింజా అలాగే పాకుతుంది.

కనుక మిత్రులారా, వచ్చే ఉగాదికి మీ కూటమిలో "తెచ్చినవారికే" అన్న నియమం ఉంటే చెరిపివేయండి. బదులుగా ఒక్కటి రాసుకోండి: ఖాళీ చేతులతో వచ్చినవారికి ముందు. కాదనేవారు వాదానికి రండి. గింజలు కావాలనేవారు ఊరికే రండి.