“హార్మోనియం పెట్టుకోలేదేం?”

1978లో మా ఊరి ఫిల్మ్ సొసైటీ తరఫున బస్టర్ కీటన్ ‘ది జనరల్’ వేశాం. కాలేజీ హాలు, 16 ఎంఎం ప్రొజెక్టరు, గోడకు కట్టిన తెర, ఓ అరవై మంది జనం. 1926 నాటి ఆ మూకీ హాస్యచిత్రం నడిచినంతసేపూ ప్రొజెక్టరు కటకట తప్ప మరో చప్పుడు లేదు. ఒకరిద్దరు నవ్వబోయి, పక్కవాళ్ళ మొహాలు చూసి ఆపుకున్నారు. ఆ నిశ్శబ్దాన్ని మేం గౌరవమనుకున్నాం. ప్రేక్షకులు గొప్ప కళను ఎంతో శ్రద్ధగా చూశారని మా కరపత్రంలో రాసుకున్నాం. ఆ వాక్యం రాసింది నేనే.

ఆట అయ్యాక ఓ పెద్దాయన మా దగ్గరికొచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. కుర్రతనంలో మూకీలకు తెర ముందు కూర్చుని హార్మోనియం వాయించేవారట, టాకీలొచ్చాక నాటక సమాజాల్లో చేరారట. “ఏం నాయనా, హార్మోనియం పెట్టుకోలేదేం?” అన్నారు. “ఇది క్లాసిక్ అండీ, ఉన్నదున్నట్టే చూడాలి” అన్నాం. ఆయన తలూపి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఉన్నదున్నట్టు అంటే ఏమిటో మాకు తెలియదు. ఆ సినిమా పుట్టిన అమెరికాలో మూకీలు మూగగా ఆడింది చాలా తక్కువ. చిన్న హాల్లో పియానో, పెద్ద హాల్లో ఆర్కెస్ట్రా, లేదంటే ఆర్గాన్. రాబర్ట్ హోప్‌జోన్స్ అనే ఇంగ్లండు మనిషి 1910లో వుర్లిట్జర్ కంపెనీలో చేరాక అక్కడ తయారైన సినిమా ఆర్గాన్లు ఒక్క వాద్యకారుడి చేతిలో మొత్తం మేళాన్ని పెట్టాయి. గొట్టాలన్నీ గోడల వెనక గదుల్లో ఉంటాయి. డ్రమ్ములు, తాళాలు, గంటలు, రైలు కూత, పిట్టకూత కూడా మెట్లున్న పెట్టె ముందు కూర్చున్న మనిషి మీటల్లోనే ఉంటాయి. చేతులు మెట్ల మీద, పాదాలు మంద్రస్వరాల మీద, చూపు తెర మీద.

ఇదంతా నాకు తెలిసింది ముసలితనంలో, మా అమ్మాయి దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు. పాలో ఆల్టోలో 1925 నాటి స్టాన్‌ఫర్డ్ థియేటర్ ఉంది. అక్కడ వుర్లిట్జర్ ఆర్గాన్‌తో అదే ‘ది జనరల్’ చూశాను. ప్రియురాలు కాదన్నాక కీటన్ దిగులుగా రైలింజను చక్రాల కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది, కడ్డీతో పాటు అతనూ లేస్తూ దిగుతూ పోతాడు. ఆర్గాన్ అక్కడ గంతులేయలేదు. ఆ దిగులు పాటనే సాగదీసింది. వాద్యం నవ్వకపోవడం వల్ల జనం నవ్వారు. ఫిరంగి మెల్లగా వంగి కీటన్ ఇంజను మీదికే గురిపెట్టుకున్నప్పుడు వాద్యకారుడు ఒక్క కిందిస్వరం మీద నిలిచిపోయాడు. నా కుర్చీ చెక్క అదిరింది. నవ్వులు తగ్గేదాకా ఆగి, అప్పుడు అందుకున్నాడు. పక్కన చిన్నపిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నాకు మా కాలేజీ హాలు గుర్తొచ్చి, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

ఎందుకంటే మా హాలు మూగబోయింది ఆ విద్య మా దగ్గర లేక కాదు. పద్యనాటకం హార్మోనిస్టు చేసే పనే అది. నటుడు రాగం తీస్తుంటే వెంట నడవడం, వన్స్‌మోర్ పడితే మళ్ళీ ఎత్తుకోవడం, తెర లేవడం ఆలస్యమైతే జనాన్ని పట్టి ఉంచడం, చప్పట్లు ఆగేదాకా ఆగడం. సురభి నాటకాల వాళ్ళ డేరాలు మా జిల్లాలో పడుతూనే ఉండేవి. హార్మోనియం కూడా గాలితో, మెట్లతో పలికే ఆర్గాన్ జాతి వాద్యమే. సొసైటీ నడిపిన ఇరవై ఏళ్ళలో ఒక్క ఆటకైనా ఒక్క హార్మోనిస్టును పిలవలేదు. చదువుకున్నవాళ్ళం, విదేశీ సినిమా పుస్తకాలు తెప్పించుకున్నవాళ్ళం, నాటకాల మనుషుల దగ్గర నేర్చుకునేది ఏముందనుకున్నాం. నిజానికి మాలో ఒకరిద్దరు వాళ్ళను చిన్నచూపు చూశారు, మిగతావాళ్ళం వారించలేదు.

రఘుపతి వెంకయ్య, ప్రకాశ్ 1921లో తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు ఇవాళ లేదు. దానికి మా తప్పు లేదు. కానీ ఆ కాలపు తెరల ముందు కూర్చుని వాయించిన మనిషి 1978లో మా ఎదుట నిలబడ్డారు. ఏ సన్నివేశానికి ఏ రాగం పట్టేవారు, హాస్యానికి ఎక్కడ ఆగేవారు, రీలు తెగితే ఏం చేసేవారు, ఒక్క మాట అడగలేదు. సొసైటీలో టేప్ రికార్డరు ఉండేది. దర్శకుల ఉపన్యాసాలు పట్టుకోవడానికి కొన్నాం.

సొసైటీ రిజిస్టరు నా బీరువాలో ఉంది. ఆ రోజు పేజీలో సినిమా పేరు, దర్శకుడు, రీళ్ళ సంఖ్య, హాజరు అన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి. ఆ పెద్దాయన పేరు లేదు.